దాగియుండుట దోషమా? – ఒక యుద్ధక్రీడ, కొంత ధర్మవిచారణ



54 ఏండ్ల వయస్సున, 30 సంవత్సరములుగా శివసన్నిధిలో అర్చకత్వము చేయుచున్నవాడను, గడచిన శ్రావణమాసమున ఫోను చేతబట్టి తుపాకుల ఆట ఆడితినని చెప్పినచో మీలో కొందరు నవ్వుదురు, కొందరు నొచ్చుకొందురు. రెండును సమంజసములే. అయినను ఆ ఆటయందు నాకు కలిగిన ఒక ధర్మసందేహమును, దానికి నేను చేరుకొన్న సమాధానమును మీ యెదుట నుంచుట నా విధి యని తలచుచున్నాను. సందేహమిది: శత్రువుల నడుమ దాగి, పొంచి, తొందరపడక ఆడువాడు వివేకియా, పిరికివాడా, లేక వంచకుడా?

మాది పాచిపెంట. సాలూరునకు చేరువలో, తూర్పు కనుమల పాదమున నున్న ఊరు. శ్రావణమున వాన పట్టుకొన్నచో కొండలు మంచులో మునిగిపోవును, కరెంటు పోవుచు వచ్చుచుండును, ప్రదోషపూజ ముగిసిన పిమ్మట ఆలయమునకు వచ్చువారు తక్కువ. అట్టి సాయంకాలములలో మా మేనల్లుడు వసారాలో కూర్చుండి ఫోనులో ఆడుచుండెడివాడు. వాని వయస్సు 19 ఏండ్లు. తండ్రి లేని పిల్లవాడగుటచే చిన్ననాటి నుండి మా యింటనే పెరిగెను. ఒక వేదపాఠశాలలో కృష్ణయజుర్వేదము చదువుచు సెలవులకు వచ్చియుండెను. నా తరువాత స్వామి అర్చన వానిదే యని ఊరంతయు అనుకొనుచుండెను. నేనును అట్లే అనుకొంటిని.

ఆ క్రీడ పేరు బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. పిల్లలు ఇప్పటికిని దానిని ‘పబ్జీ’ అనియే పిలుతురు. ఆ పాత పబ్జీ మొబైలును కేంద్రప్రభుత్వము 2020 సెప్టెంబరు 2న నిషేధించెను. ఈ కొత్త రూపము 2021 జూలైలో వచ్చి, 2022 జూలైలో మరల తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చినది. నూరుమంది విమానము నుండి ఒక ద్వీపముపై దిగుదురు. చేత ఏమియు నుండదు. ఇండ్లలో వెదకి ఆయుధములు సంపాదించుకొనవలెను. నిలువదగిన ప్రదేశము, అనగా ‘జోన్’, క్రమముగా కుంచించుకొనిపోవును. ఆ వలయము వెలుపల నున్నవాని ప్రాణము క్షీణించుచుండును. తుదకు మిగిలినవాడే విజేత.

నేను దీనిని మునుపు ఒక ప్రవచనమున తీవ్రముగా నిందించితిని. ఋగ్వేదము పదవ మండలమందలి 34వ సూక్తమును, అనగా అక్షసూక్తమును ఉదాహరించి, జూదరి దైన్యమును వర్ణించి, ఈ ఆటయు అట్టిదే యంటిని. ఆనాడు నేను చేసిన పొరపాటును ఇచ్చట ఒప్పుకొనవలెను. అక్షసూక్తము పణమొడ్డి ఆడు ద్యూతమును గూర్చినది. పణము లేని క్రీడ వేరు. 2025 ఆగస్టున రాష్ట్రపతి ఆమోదము పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము సైతము డబ్బు పణముగా ఆడు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించినది. చూడని దానిని నిందించుట సులభము. నిందించినది చూడని దానినని పిమ్మట తెలిసినచో సిగ్గు కలుగును.

ఒకనాడు మా మేనల్లుడు తానుగా అడిగెను. “మామయ్యా, నేను ఇదివరకు దిగగానే ఎదురెళ్ళి కొట్టేవాణ్ణి. రెండు నిమిషాల్లో చచ్చిపోయేవాణ్ణి. ఇప్పుడు దాక్కుని ఆడుతున్నాను. ర్యాంకు పెరుగుతోంది. కానీ తోటివాళ్ళు నన్ను ‘స్నేక్’ అని వెక్కిరిస్తున్నారు. దాక్కోవడం తప్పా?”

గడ్డిలో పాకుచు పొంచియుండు ఆటగానికి మన దేశపు పిల్లలు పెట్టిన పేరు అది. ప్రశ్న చిన్నది కాదు. శాస్త్రమెరిగినవాడనని సమాధానము వెంటనే చెప్పబోయి ఆగితిని. ఆట యెట్టిదో తెలియక తీర్పు చెప్పుట మరియొక ప్రవచనమగునని తోచెను. “నాకును నేర్పుము” అంటిని. వాడు నవ్వి, నా ఫోనులో ఆ ఆటను పెట్టెను.

మొదటి దినమున నేను చేసినది పరుగు మాత్రమే. కనబడిన యింటిలోనికి దూరితిని, వినబడిన శబ్దము వైపు తిరిగితిని, ఎవడు కొట్టెనో తెలియకుండగనే పడిపోతిని. రెండవ దినము నుండి వాడు నేర్పినట్లు ఆడితిని. జనులెక్కువగా దిగు చోట దిగరాదు. పరుగెత్తిన అడుగుల చప్పుడు వినబడును, వంగి నడచిన తగ్గును. ఆవలివాని అడుగులు హెడ్‌ఫోన్లలో ఏ చెవికి వినబడుచున్నవో గమనింపవలెను. తుపాకికి సప్రెసర్ లేనియెడల ఒక్క గుండు పేల్చినను నీ స్థానము పదిమందికి తెలియును; కావున గురి కుదిరినను పేల్చకుండుటయే తరచుగా మేలు. జోన్ ఎటు కుంచించుకొనునో ముందుగా చూచుకొని, కట్టకడపట పరుగెత్తు అవసరము రాకుండ నడచుకొనవలెను. తొలి ఆటలలో యంత్రమే నడపు బొమ్మలు ఎక్కువగా ఎదురగునని, వానిని కొట్టి గర్వింపరాదనియు వాడే చెప్పెను.

ఇది వినిన సాధకునికి ఒక పదము తప్పక స్ఫురించును: అప్రమత్తత. ఉద్యోగపర్వమందలి సనత్సుజాతీయములో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు బోధించిన సారమిదియే కదా! ఏమరుపాటే మృత్యువని ఆ మహర్షి అభిప్రాయము. భగవద్గీత ద్వితీయాధ్యాయమున ఇంద్రియములను లోనికి ముడుచుకొను స్థితప్రజ్ఞునకు తాబేలు ఉపమానముగా చెప్పబడినది. కొట్టగలిగియు కొట్టక, కదలగలిగియు కదలక నిలుచుటయందు ఆ కూర్మలక్షణపు ఛాయ కొంత కలదు. ‘స్నేక్’ అని వెక్కిరించువారికి ఈ పక్షమున సమాధానము సిద్ధముగా నున్నది. ఎదురెళ్ళుట ఒక్కటే శౌర్యము కాదు.

మన పురాణేతిహాసములు దాగుటను సర్వత్ర నిందింపలేదు. హనుమంతుడు లంకలో ప్రవేశించుటకు సూర్యాస్తమయము వరకు వేచియుండెను, దేహమును పిల్లియంత చేసికొనెను. శింశుపావృక్షపు ఆకులలో దాగి, రావణుడు సీతమ్మను బెదరించుట కన్నులార చూచియు క్రిందికి దూకలేదు. ఏ భాషలో పలికిన తల్లి భయపడదో తర్కించుకొని, పిమ్మటనే రామకథను మెల్లగా ఆరంభించెను. లోకములో అంతకు మించిన నిదానము నేనెరుగను. కాని సందేశము చేరిన పిమ్మట ఆ స్వామి దాగియుండలేదు. అశోకవనమును భగ్నము చేసి తన పేరు తానే ప్రకటించుకొనెను.

పాండవులు విరాటుని కొలువులో ఒక సంవత్సరము దాగిరి. చక్రవర్తి కంకుడయ్యెను, గాండీవి బృహన్నల యయ్యెను, ఆయుధములు శమీవృక్షమున వ్రేలాడెను. ఆ అజ్ఞాతవాసమున ఒక ఘట్టమును నేను మరల మరల తలచుచుందును. ద్రౌపది నిండుసభలో కీచకునిచే అవమానింపబడెను. ధర్మరాజు గుట్టు బయటపడునని భీముని వారించెను. కాని భీముడు ఆమె మొరను విడువలేదు. మరునాటి రాత్రి నర్తనశాలలో చీకటియందే కీచకుని వధించెను. గుట్టు నిలిచినది, తన మనిషియు నిలిచినది.

ఇక రెండవ పక్షము. అశ్వత్థామ దాగి వచ్చెను. రాత్రి మర్రిచెట్టుపై నిద్రించుచున్న కాకులను ఒక గుడ్లగూబ చంపుట చూచి, అదియే యుక్తి యని శిబిరమున నిదురించుచున్నవారిని, ద్రౌపది బిడ్డలైదుగురిని హతమార్చెను. మెళకువ తక్కువ కాదు, ధర్మమే లేదు. దుర్యోధనుడు ద్వైపాయనహ్రదమున జలస్తంభనము చేసి దాగెను. మిగిలిన ముగ్గురు రథికులు ఒడ్డున నిలిచి యుద్ధమునకు రమ్మని పిలిచినను, ఈ రాత్రి విశ్రమింతునని సమాధానమిచ్చెను. వాలివధ మాట యేమని మీరడుగుదురు. ఆ చర్చ పెద్దది. ఇచ్చట ఒక్క విషయము చాలును. చాటున నుండి కొట్టిన పిమ్మట శ్రీరాముడు వాలి యెదుటికి వచ్చి నిలిచెను, వాని నిందను పూర్తిగా వినెను, వానికి సమాధానము చెప్పెను. చాటున నుండి కొట్టినవానికి సమాధానము చెప్పు బాధ్యత కలదు.

మా మన్యపు చరిత్రయు ఈ విషయమున మౌనముగా లేదు. 1900వ సంవత్సరమున సాలూరు ప్రాంతపు కొర్రవానివలసలో కొండదొర యగు కొర్ర మల్లయ్య తాను పాండవుల అంశయని, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడని ప్రకటించి, ఆంగ్లేయులను వెడలగొట్టుదుననెను. వెదురుబొంగులు తుపాకులగునని నమ్మి జనులు వేలుగా చేరిరి. ఆ ఘర్షణలో కానిస్టేబుళ్ళు చనిపోయిరి. పిమ్మట పోలీసుల తుపాకుల యెదుట గిరిజనులు నేలకొరిగిరి. మల్లయ్య కారాగారముననే మరణించెను. ఆ విశ్వాసమును నేను పరిహసింపను. బొంగులు పట్టుకొని ఎదురుగా నిలిచిన ఆ ధైర్యమునకు నమస్కరింతును. కాని ధైర్యమునకు నిదానము తోడు కానిచో ఎవరి బిడ్డలు చనిపోదురో కూడ చూడవలెను.

22 ఏండ్ల పిమ్మట, ఇదే కనుమలలో, అల్లూరి సీతారామరాజు మరియొక మార్గమును పట్టెను. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఆయన అనుచరులు పొదలలో పొంచియుండిరి. ముందు నడచుచున్న భారతీయ సిపాయీలను పోనిచ్చిరి. వెనుక వచ్చుచున్న స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు ఆంగ్లేయాధికారులను మాత్రమే కొట్టిరి. పొదలో నున్నవాని వ్రేలిపై ఎంతటి నిగ్రహమున్నదో గమనింపుడు! ఎవనిని కొట్టవలెనో తెలియుట సగము విద్య, ఎవనిని పోనీయవలెనో తెలియుట మిగిలిన సగము. తుదకు ప్రజలు పడు బాధలను చూడలేక రాజు తానుగా బయటకు వచ్చెనని మన్యమున చెప్పుకొందురు. 1924 మే 7న ఆయన నేలకొరిగెను.

ఇంతవరకు చదివిన మీకు నా పక్షము తేలిపోయినదని తోచవచ్చును. ఉత్తమకార్యము కొరకు దాగుట మేలు, నీచకార్యము కొరకు దాగుట కీడు. నేనును అట్లే వ్రాసి ముగించియుండెడివాడను. కాని మరియొక సాయంకాలము జరిగినది చెప్పక తప్పదు.

ఆనాడు మామా అల్లుళ్ళము ఇరువురమును ఒకే జట్టుగా ఆడితిమి. నూరుమందిలో చివరి పదిమంది వరకు వచ్చితిమి. నేను గడ్డిలో బోర్లపడి కదలక యుంటిని. నాకు 30 అడుగుల దూరమున మా వాడు దెబ్బతిని పడిపోయెను. ఆ ఆటలో జట్టువాడు పడినంతనే చావడు. మోకాళ్ళపై పాకుచుండును, ప్రాణము కొంచెము కొంచెముగా పోవుచుండును. తోడివాడు వచ్చి ప్రక్కన కూర్చున్నచో మరల లేచును. “మామయ్యా, రండి” అని వాడు పిలిచెను. నేను కదలలేదు. లేచినచో కనబడుదును, కనబడినచో పోవుదును. వాని ప్రాణపు గీత ఎర్రనై సన్నగిల్లి మాసిపోయెను. నేను మూడవ స్థానము వరకు వచ్చితిని.

నిజము చెప్పవలెనన్న ఆ క్షణమున నాకు సంతోషమే కలిగెను. వాడు ఫోను ప్రక్కన పెట్టి నవ్వుచునే అనెను: “మీరు రాలేదు మామయ్యా.” పిమ్మట మరియొక మాట చెప్పెను. “ఈ గడ్డి దగ్గరవాళ్ళకే. దూరం నుంచి స్కోపులో చూసేవాడికి గడ్డి కనిపించదు. ఫోను అంత దూరం గడ్డి గీయదు. మీరు దాక్కున్నాననుకుంటారు. వాడికి మీరు బట్టబయలు నేలమీద పడుకుని ఉంటారు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆటలో వానిని కాపాడలేదను దుఃఖము కాదది. ఎనిమిది మాసములుగా వాని కంఠమున స్వరము తప్పుచుండుటను నేను వినుచునే యున్నాను. ఉదయము సంథ చెప్పుకొనుటకు వాడు కూర్చుండుట తగ్గెను. పనసల నడుమ ఆగిపోవుచుండెను. అడిగినచో ఏమి చెప్పునో యని అడుగలేదు. అడుగక దానికి ‘పిల్లవాని స్వేచ్ఛను గౌరవించుట’ యని పేరు పెట్టుకొంటిని. నా భయము ఒక్కటే: వీడు వేదము మానినచో నా తరువాత ఈ గర్భాలయమున దీపమెవరు వెలిగింతురు? ఆ భయమను గడ్డిలో నేను బోర్లపడి యుంటిని. వాడు 30 అడుగుల దూరమున పడియుండెను.

మరునాడు అభిషేకము ముగిసిన పిమ్మట నేనే అడిగితిని. వాడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట చెప్పెను. పాఠశాలలో రెండు పరీక్షలు వ్రాయలేదు. విశాఖపట్టణమున డిగ్రీలో చేరవలెనని దరఖాస్తు చేసికొనెను. “మీకు చెబితే ప్రాణం పోయినంత పనవుతుందని దాచాను మామయ్యా. రోజూ దాక్కుంటూనే ఉన్నాను.”

మేమిరువురమును ఒకరి నుండి ఒకరము దాగియుంటిమి. ఇరువురమును ఒకరి మేలు కొరకే దాగితిమని అనుకొంటిమి. అందుచేతనే ‘సత్కార్యము కొరకు దాగుట మేలు’ అను నా తొలి సూత్రము చాలదని నాకు తెలిసినది. దాగువాడెవడును నీచకార్యము కొరకు దాగుచున్నాననుకొనడు. ఉద్దేశమును తానే నిర్ణయించుకొనును కావున అది మంచి పరీక్ష కానేరదు.

నా అభిప్రాయములో నిలువదగిన పరీక్షలు మూడు కలవు. ఒకటి, పిలుపు వినబడినప్పుడు లేవగలుగుట. భీముడు లేచెను, సుయోధనుడు ‘రేపు’ అనెను. నిదానమునకును పిరికితనమునకును వెలుపల భేదము కనబడదు. రెండును గడ్డిలోనే పడియుండును. తనవాడు పిలిచిన క్షణముననే భేదము బయటపడును. రెండు, దాగుటకు గడువుండుట. పాండవులకు ఒక సంవత్సరము, హనుమంతునకు ఒక రాత్రి. గడువు లేని అజ్ఞాతవాసమును పలాయనమనవలెను. మూడు, బయటపడిన పిమ్మట సమాధానము చెప్పుటకు సిద్ధముగా నుండుట. ఈ మూడును ఉన్నచో దాగుట దోషము కాదు. ఏ ఒక్కటి లోపించినను, ఎంతటి మెళకువ యున్నను అది ధర్మము కాజాలదు.

కొందరు సాధకులు ఈ మాటలను అందిపుచ్చుకొని ఆటయే యోగమని అనవచ్చును. నేను అంగీకరింపను. ఆట నేర్పు ఏకాగ్రత నిజమైనదే, కాని అది ర్యాంకు కొరకు కట్టుబడిన ఏకాగ్రత. నా అనుభవమునే చెప్పెదను. ఆడుచున్న ఆ వారమున రెండు సాయంకాలములు సంధ్యావందనమున గాయత్రీజపము చేయుచుండగా నా మనస్సు జోన్ ఎటు కదలుచున్నదో యని వెదకెను. చెవులు అడుగుల చప్పుడు కొరకు నిక్కెను. ఇంద్రియములు ముడుచుకొనలేదు, వేరొక దిక్కున విప్పుకొన్నవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆటల వ్యసనమును రోగముల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోనున్నది. అది పిల్లలకు మాత్రమే వర్తించుననుకొనకుడు. నేను ఆ ఆటను నా ఫోను నుండి తీసివేసితిని. మా వానిని తీసివేయుమని అనలేదు. వాడు ఆదివారములందు ఒక గంట ఆడును.

తలిదండ్రులకు నా విన్నపమొకటి. పిల్లలు ఏ ఆట ఆడుచున్నారో నిందించుటకు ముందు, వారి ప్రక్కన కూర్చుండి ఒక్కమారు ఆడుడు. ఓడిపోవుడు. వారు మీకు నేర్పునపుడు వారి మాటతీరు మారును. ఎనిమిది మాసములు నోటికి రానిది ఒక సాయంకాలమున రావచ్చును. పొంచియుండు ఆటగానిని పిరికివాడని నవ్వకుడు. వాడు ఎవరి నుండి దాగుచున్నాడో మెల్లగా అడుగుడు.

సాధకులకు నేను చెప్పగలిగినది ఆ గడ్డి మాటయే. దగ్గరివారి కన్నులు గప్పుటకు మనము పరచుకొన్న గడ్డి, దూరము నుండి చూచువానికి లేనేలేదు. అంతర్యామికి దూరమును లేదు, దగ్గరయు లేదు. ఆ చూపు యెదుట మనము ఎల్లప్పుడును బట్టబయలు నేలపైననే యున్నాము. ఆ సంగతి తెలిసినవాడు మనుష్యుల నుండి కొంతకాలము దాగినను భయము లేదు. తెలియనివాడు నడివీథిలో నిలిచియున్నను దాగియున్నట్లే.

మా వాడు విశాఖపట్టణమునకు వెళ్ళెను. ఆలయమున దీపము నా తరువాత ఎవరు వెలిగింతురో నాకింకను తెలియదు. గ్రామమున ఇద్దరు పిల్లలు ప్రాతఃకాలమున నమకము నేర్చుకొనుటకు వచ్చుచున్నారు. వారి ఉచ్చారణ ఇంకను కుదరలేదు. శనివారము రాత్రి మా వాడు ఫోను చేయును. మొదట చదువు మాట, పిమ్మట ఆట మాట. మొన్న అడుగకయే చెప్పెను, జట్టువాడు పడిపోగా తాను లేచి వెళ్ళి, ఇద్దరును చచ్చిరట. ర్యాంకు పడిపోయినదట. “పోనీలేరా” అంటిని.

సర్వం శివార్పణమస్తు.